ప్రశ్నలడగని పండుగ

జనవరి 13, ఆదివారం

ఈ పుస్తకం ఎవరికీ చూపించను కాబట్టి ఇందులో అన్నీ నిజాలే రాస్తాను. మొదటి నిజం: మా పిల్లల యూదు బడికి బుద్ధి చెప్పాలంటే అది నా వల్లే అవుతుంది. ఇంకెవరి వల్లా కాదు.

ఇవాళ ఇలానా కార్ష్ నా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. మేం చిన్నప్పటి నుంచి స్నేహితులం. ముగ్గురు పిల్లల్ని కన్నప్పుడు కూడా అది డాక్టర్ని తిట్టిందే తప్ప ఏడవలేదు. ఫీజు తగ్గించమని అర్జీ పెట్టుకుంటే కమిటీ వాళ్ళు పిలిచారట. కమిటీ అంటే పేరుకు ఐదుగురున్నా మాట్లాడేది గ్రోస్‌బర్గ్ గారొక్కరే. బడికి పెద్ద ఆయనే, తాళాలు ఆయనవే, కోపమూ ఆయనదే.

"రెండు కార్లెందుకన్నాడే," అంది ముక్కు తుడుచుకుంటూ. "నేనో దిక్కుకి, మా ఆయనో దిక్కుకి పోతామండీ అన్నాను. పోయిన పస్కా పండక్కి ఫ్లోరిడా వెళ్ళారట కదా అన్నాడు. మా అమ్మ అక్కడ ఆసుపత్రిలో ఉందన్నాను. అలాగా, ఎన్నాళ్ళున్నారేంటి అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ఆవిడ పోయేదాకా ఉన్నానన్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కో పిల్లకి ఏడాదికి పద్దెనిమిది వేల డాలర్లు. బాగా ఉన్నవాళ్ళు కట్టేస్తారు. ఏమీ లేనివాళ్ళకి బడే సాయం చేస్తుంది. మధ్యలో ఉన్నవాళ్ళం మాత్రం జీతం చూస్తే గొప్పగా కనిపిస్తాం, నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలదు. మధ్యలో ఉన్నవాళ్ళు అని రాయబోయాను. మా సంగతి వేరు, మేం బాగానే ఉన్నాం. నేను క్లినిక్‌లో జనాల మోకాళ్ళు వంచి చాపి సంపాదిస్తున్నాను. మా ఆయన ఎఫ్రాయిమ్ అక్టోబరు నుంచి ఇంటి నుంచే పనిచేస్తున్నాడు.

పని వెతుక్కోవడం కూడా పనే కదా.

జనవరి 15, మంగళవారం

ఇలానా పిల్లల్ని సెప్టెంబరు నుంచి మా వీధి చివరి ప్రభుత్వ బడికి పంపుతుందట. "ఆ బడికేం తక్కువే?" అంది. అంటూ నా మొహం వంక చూడలేదు.

జనవరి 24, గురువారం

గ్రోస్‌బర్గ్ గారి దగ్గరికి వెళ్ళాను. నా పథకం శుభ్రంగా రాసి పట్టుకెళ్ళాను. ఏ కుటుంబమైనా, పిల్లలెందరున్నా, తన సంపాదనలో ఏడో వంతుకు మించి కట్టనక్కర్లేదు. పన్ను కాగితం ఒక్కటి చూపిస్తే చాలు. కమిటీ ముందు కూర్చోబెట్టడం ఉండదు, ఫ్రిజ్ కొని ఎన్నేళ్ళయిందని అడగడం ఉండదు.

ఆయనకి ఎనభై దాటాయి. టొరంటోలో సగం స్నానాల గదుల్లో ఆయన అమ్మిన టైల్సే ఉంటాయి. నా కాగితం మొత్తం చదివి, నాకొక పిప్పరమెంటు ఇచ్చారు. నేనేమన్నా చిన్నపిల్లనా?

"లెక్క బాగుందమ్మాయ్. చిల్లు పడుతుందే, అదెవరు పూడుస్తారు?"

"ఖాళీ బల్ల ఎంత కడుతుందండీ? కార్ష్ వాళ్ళ పిల్లలు వెళ్ళిపోతే మీకు వచ్చేది సున్నా. ఏడో వంతు వచ్చినా సున్నా కంటే నయమేగా."

"ఇంకెవరు వెళ్ళిపోతున్నారు?"

"ఉన్నారండీ, మనలో చాలామంది."

"చాలామంది అంటే?"

"అలాంటి కుటుంబాలు."

కళ్ళద్దాల మీది నుంచి నన్ను చూశారు. "నాకు చెవుడు. అలాంటి కుటుంబాలు అంటే నాకు వినపడదు. మనిషి వచ్చి 'నేను' అంటే వినపడుతుంది."

బడికి కొత్త హాలు కట్టడానికి దాచిన డబ్బు సంగతి ఎత్తాను. పిల్లలే లేకపోతే హాల్లో ఎవరు కూర్చుంటారండీ అన్నాను. "అది పోయిన మా ఆవిడ ఫ్రేడా పేరు మీద," అని కోటు తొడుక్కున్నారు. మాట అక్కడితో అయిపోయింది.

నేనేమీ ఓడిపోలేదు. ఆయనకి కొంచెం టైమిచ్చాను, అంతే.

ఫిబ్రవరి 3, ఆదివారం

శుక్రవారం క్లినిక్‌కి వెళ్తూ దారిలో వీధి చివరి బడి చూసి వచ్చాను. ఊరికే. హెడ్‌మిస్ట్రెస్ చాలా మంచావిడ. చలికాలంలో శుక్రవారం నాడు తొందరగా పొద్దు గూకి మా విశ్రాంతి దినం షబ్బాత్ వచ్చేస్తుంది, మా పిల్లల్ని ముందే పంపిస్తారా అని అడిగాను, ఊరికే. తప్పకుండా అంది. మధ్యాహ్నం భోజనం మీరే కట్టి పంపుకోవచ్చు అని కూడా, నేనడక్కుండానే, చెప్పింది.

ఎఫ్రాయిమ్‌కి చెప్పలేదు. ఊరికే చూసొచ్చినదానికి చెప్పడానికేముంది?

ఫిబ్రవరి 17, ఆదివారం

ఎఫ్రాయిమ్ సూప్ చేశాడు. ఈ మధ్య చేయి తిరిగింది. ఉప్పు కూడా సరిపోతోంది.

మగపిల్లలిద్దరూ కింద హాకీ ఆడుతూ గోడ పగలగొడుతున్నారు. మా అమ్మాయి అవిటల్ తన గదిలో మా ధర్మగ్రంథం తోరాలో పాఠం రాగం తీసి చదువుకుంటోంది. జూన్‌లో దాని పన్నెండేళ్ళ వేడుక, బాట్ మిట్స్వా. దాని టీచరే నేర్పుతోంది, బడిలోనే. పిల్ల ఒకచోట తడబడి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. నేను గరిట పట్టుకుని అలాగే నిలబడి విన్నాను. మా అమ్మకి ఆ హీబ్రూ అక్షరాలు రావు, మా నాన్నకి సగం వచ్చు. నా కూతురు నీళ్ళు తాగినంత తేలికగా చదువుతోంది. నాకు గర్వంగా ఉంది. ఇదొక్కటి పోతే నేను భరించలేను.

"మనం కూడా అర్జీ పెట్టుకుందామా?" అన్నాడు ఎఫ్రాయిమ్, చాలా మెల్లగా.

"మనకెందుకు?"

"ఎందుకేంటి నెహామా?"

"ఆయన ముందు కూర్చుని మన ఫ్రిజ్ వయసు చెప్పాలా?"

"చెబితే ఏం పోయింది? దానికీ అవిటల్ వయసే. దానికీ బాట్ మిట్స్వా చేసేద్దాం."

ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. నవ్వాక ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఫిబ్రవరి 26, మంగళవారం

ఎఫ్రాయిమ్ ఇంటర్వ్యూకి ఒట్టావా వెళ్ళొచ్చాడు. బ్రహ్మాండంగా జరిగిందట.

ఫిబ్రవరి 28, గురువారం

ఒట్టావా వాళ్ళకి మంచీ చెడూ తెలియదు.

మార్చి 5, మంగళవారం

దొరికింది! నేననుకున్నాను, ఏదో ఒకటి దొరుకుతుందని.

వేషాల పండగ పూరిమ్‌కి బిస్కట్లు చేస్తున్నాం. నేను పిండి గుండ్రంగా కోస్తుంటే, అవిటల్ గసగసాల ముద్ద పెట్టి మూడు మూలలు మడుస్తోంది. ఉన్నట్టుండి అడిగింది: "అమ్మా, పూరిమ్ నాడు దొంగ వచ్చి చెయ్యి చాపినా ఇవ్వాలా?"

"ఎవరన్నారు?"

"మా టీచర్. మామూలు రోజుల్లో అయితే, నీకు నిజంగా అవసరమా అని కనుక్కోవచ్చట. పూరిమ్ నాడు కనుక్కోకూడదు. ఎవరు చెయ్యి చాపినా ఇచ్చెయ్యాలి, అంతే. పుచ్చుకున్నవాళ్ళు కూడా ఇంకొకళ్ళకి ఇవ్వాలి. నువ్వెవరు, నీకెందుకు, కార్లెన్ని, ఏమీ అడక్కూడదు."

"కార్లెన్ని అని టీచర్ అందా?"

"అది నేను కలిపాను. ఇలానా ఆంటీ నీతో చెప్తుంటే విన్నాలే."

నా చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. ఈ ఆచారం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. గ్రోస్‌బర్గ్ గారిల్లు కూడా తెలుసు. ఏటా పూరిమ్ నాడు తలుపు బార్లా తెరిచి, పక్కన పళ్ళెం నిండా డాలరు బిళ్ళలు పెట్టుకుని కూర్చుంటారు. వచ్చిన ప్రతి చేతిలో ఒకటి పెడతారు. ఎవరినీ ఏమీ అడగరు. ఏడాదంతా అడిగే మనిషి ఆ ఒక్కరోజు నోరు కట్టేసుకుంటారు.

అవిటల్‌ని ముద్దు పెట్టుకున్నాను. పిండి అంటుకుందని విదిలించుకుంది.

మార్చి 10, ఆదివారం

నేను చెబితే కాదనేవాళ్ళెవరు? ఇవాళ మా ఇంట్లో కూడి రెండు డజన్ల కుటుంబాలు ఒప్పుకున్నాయి. ఇంకా వస్తామంటున్నారు. పళ్ళ డాక్టరూ ఉన్నాడు, రొట్టెల దుకాణం వాళ్ళూ ఉన్నారు, ఇద్దరు టీచర్లు కూడా. సొంత బడిలో సొంత పిల్లల ఫీజు కట్టలేని టీచర్లు!

పద్ధతి ఇదీ: పండగ నాడు పొద్దున ప్రార్థనా మందిరంలో ఎస్తేరు రాణి కథ చదవడం అవగానే, వేషాలు తీయకుండా అందరం గ్రోస్‌బర్గ్ గారింటికి పోవాలి. ఒక్కొక్కరూ చెయ్యి చాపి, బిళ్ళ పుచ్చుకోకుండా, ఏడో వంతు ఇప్పించండి అనాలి. ఇలానా మొదట బెట్టు చేసింది.

"మళ్ళీ ఆయన మొహం చూడనే," అంది.

"చూడక్కర్లేదు. సింహం తల తగిలించుకుని పో. ఆయన మొహమే కనిపించదు."

అందరూ వెళ్ళాక ఎఫ్రాయిమ్ కుర్చీలు సర్దుతూ అడిగాడు, "మరి మనమో?"

"మనం నడిపించేవాళ్ళం," అన్నాను.

అతను కుర్చీలన్నీ సర్దాడు.

మార్చి 20, బుధవారం

నా వేషం హాకీ రిఫరీ. చారల చొక్కా, మెడలో ఈల. ఎఫ్రాయిమ్ క్యారెట్. అతనిష్టం.

వీధి చివరి బడిలో పిల్లల పేర్లు రాయించి కూడా నెల దాటింది. ఊరికే చూసొచ్చాననే రాశానిక్కడ. సంతకం కూడా ఆరోజే పెట్టేశాను. ముగ్గురివీ.

సరే. రేపు చూద్దాం.

మార్చి 22, శుక్రవారం

షబ్బాత్‌కి హల్లా రొట్టె పిండి కలిపి పెట్టాను. అది పొంగేలోగా నిన్న జరిగింది జరిగినట్టు రాసేస్తాను.

మంచు కరిగి వీధంతా బురద. ఆ బురదలో రాణులు, సింహాలు, గోల్‌కీపర్లు, ఒక క్యారెట్, వెనకాల ఈల ఊదుతూ నేను. గ్రోస్‌బర్గ్ గారి తలుపు తెరిచే ఉంది. హాల్లో కుర్చీలో కూర్చున్నారు. నల్ల కోటు మామూలుగానే ఉంది కానీ, నెత్తిన ఊదారంగు ఆడవాళ్ళ టోపీ. ఫ్రేడా గారిది. ఏటా అదే ఆయన వేషమట, నేనెప్పుడూ లోపలికి వెళ్ళలేదు కాబట్టి నాకు తెలియదు. నవ్వబోయి మానేశాను.

ఇలానా ముందు వెళ్ళింది. చెయ్యి చాపింది. ఆయన బిళ్ళ పెట్టబోతే పిడికిలి మూసేసింది.

"బిళ్ళ వద్దండీ. ఏడో వంతు ఇప్పించండి. ఎందుకని అడక్కూడదు, ఇవాళ పూరిమ్," అంది సింహం తలలోంచి.

దాని వెనక రొట్టెల దుకాణం ఆయన. ఆయన వెనక టీచరమ్మ. చేతులన్నీ బారులు తీరాయి. గ్రోస్‌బర్గ్ గారు పళ్ళెం పక్కన పెట్టేశారు.

"ఎవరు నేర్పారు మీకిది?"

"మన బడిలోనే చెప్పారు తాతగారూ. మా క్లాసులో," అంది అవిటల్.

హాలంతా గొల్లుమంది. ఆయన టోపీ కూడా ఊగింది. సరిగ్గా నేననుకున్నట్టే జరుగుతోంది. ఉత్సాహం పట్టలేక ఈల ఊదేశాను.

ఆ ఈలకి ఆయన నావైపు తిరిగారు. "రిఫరీ గారూ, ఇటు రండి. జనవరిలో కాగితం పట్టుకుని వచ్చింది మీరేగా?"

"నేనేనండీ."

"ఈ జనాన్ని తెచ్చింది కూడా?"

"నేనే."

"ఆటలో మీరు లేరా?"

"నేను బాగానే ఉన్నానండీ. వాళ్ళ కోసం వచ్చాను."

"మంచిది. చెయ్యి చాపినవాళ్ళకి ఇవ్వాలి, నిజమే. వీళ్ళందరూ చాపారు. మీ చెయ్యెక్కడ?"

నా చెయ్యి ఈల పట్టుకుని ఉంది. అందరూ నా వంకే చూస్తున్నారు. అది చాలా చిన్న పని. బడిలో చేరిన ప్రతి పిల్లకీ నేర్పే పని. రోజంతా ఇంకొకళ్ళ మోకాళ్ళతో ఇంతకంటే కష్టమైనవి చేయిస్తాను. చెయ్యి మాత్రం లేవడం లేదు. నాకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా ఆయన మీద కోపం వచ్చింది. వెళ్ళిపోదామనుకున్నాను. వెనక్కి తిరిగితే అవిటల్ మొహం కనిపించింది. రాణి కిరీటం ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. ఇంట్లో ఎన్నోసార్లు అది నన్ను ఏదో అడగబోయి ఆగిపోవడం అప్పుడు గుర్తొచ్చింది.

ఈల వదిలేసి, చెయ్యి చాపాను.

"మా ఆయనకి అక్టోబరు నుంచి ఉద్యోగం లేదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "పిల్లలు ముగ్గురినీ వీధి చివరి బడిలో రాయించేశాను. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. నాకు ఇష్టం లేదండీ. వాళ్ళు ఈ బడిలోనే ఉండాలి. నా దగ్గర డబ్బు లేదు."

అప్పుడు క్యారెట్ నా పక్కకి వచ్చింది.

"నాకు తెలుసు," అన్నాడు ఎఫ్రాయిమ్. "ఆ బడి వాళ్ళు ఫోన్ చేశారు. నువ్వు చెప్తావేమోనని చూస్తున్నాను." అని తన చెయ్యి కూడా నా చెయ్యి పక్కన చాపాడు.

గ్రోస్‌బర్గ్ గారు ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఎప్పటి నుంచి, ఎందుకు, ఏ కంపెనీ, ఏమీ లేదు. డాలరు బిళ్ళ తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు తన వేళ్ళతో మూశారు. ఆయన చేతులు చల్లగా ఉన్నాయి.

"ఫ్రేడా మన బడిలో ఒకటో తరగతికి పాఠాలు చెప్పేది," అన్నారు. "పెద్ద హాళ్ళంటే దానికి పడేది కాదు. చలేస్తుందనేది. హాలు ఆగుతుంది. మంగళవారం బడి బోర్డు వాళ్ళతో మాట్లాడతాను. వాళ్ళు అరుస్తారు, నేనూ అరుస్తాను. ఆ డబ్బుతో మూడేళ్ళు చిల్లు పూడ్చొచ్చు. ఆ తరవాత ఏం చేస్తారో మీరు చూసుకోండి."

సింహం తల తీసేసి ఇలానా ఏడుస్తోంది. ఇది మంచి ఏడుపే. జనం కేకలు మొదలుపెట్టారు. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఆగండాగండి. ఇవాళ నేనూ చాపొచ్చుగా?" అని తన చెయ్యి నా ముందుకి చాపారు. "కమిటీలో నా కుర్చీ నువ్వు తీసుకో అమ్మాయ్."

"నేనా? నేనేమిటండీ, నేనిప్పుడే మీ దగ్గర—"

"ఎందుకని అడక్కూడదు. ఇవాళ పూరిమ్."

నా కూతురు పగలబడి నవ్వింది. ఇంకేం చెయ్యను? ఆయనిచ్చిన బిళ్ళే ఆయన చేతిలో పెట్టి, సరేనన్నాను. పుచ్చుకున్నవాళ్ళు కూడా ఇవ్వాలిగా.

ఇంటికి నడుస్తుంటే అవిటల్ నా చెయ్యి పట్టుకుంది. చాలా రోజులైంది, వీధిలో అది నా చెయ్యి పట్టుకుని. "ఇంకేమన్నా దాచావా అమ్మా?" అంది.

"చాక్లెట్లు. ఓవెన్ పైన."

"అవి అయిపోయాయిలే," అంది.

పిండి పొంగింది. వెళ్ళాలి.

మార్చి 26, మంగళవారం

బోర్డు ఒప్పుకుంది. అరిచారట. గ్రోస్‌బర్గ్ గారి గొంతు పోయింది. ఫోన్‌లో గుసగుసగా చెప్పారు.

మార్చి 31, ఆదివారం

ఇవాళ ఆ గదిలో, ఆ కుర్చీలో కూర్చున్నాను. అందరి కంటే ముందు మా పన్ను కాగితమే తీసి మిగతా నలుగురి ముందు పెట్టి, వాళ్ళు చూసేదాకా బయట నిలబడ్డాను. తరవాత లోపలికి వచ్చి నా పని మొదలుపెట్టాను.

రెండో వాళ్ళు ఎవరో కొత్త జంట. మాంట్రియల్ నుంచి వచ్చారట. ఆమె కూర్చోకముందే చెప్పడం మొదలుపెట్టింది. "మాకు రెండు కార్లున్నాయండీ, కానీ అది ఎందుకంటే—"

"కాగితం ఇచ్చి వెళ్ళండి," అన్నాను. "కార్ల సంగతి నాకొద్దు."

"అంతేనా?"

"అంతే. పిల్లల పేర్లు మాత్రం చెప్పండి. నాకు పిలుచుకోవాలిగా."

ఆమె పేర్లు చెప్పింది. మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. గుమ్మం దాటాక వదిలేసింది. నేను చూశాను.

గ్రోస్‌బర్గ్ గారు వరండాలో బెంచీ మీద కూర్చుని లోపలికి తొంగి చూస్తున్నారు. అలవాటు ఎక్కడికి పోతుంది! పిప్పరమెంటు ఇచ్చి ఇంటికి పంపించాను.

వీధి చివరి బడికి ఫోన్ చేసి, మా పిల్లలు రావడం లేదని చెప్పాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. సంతోషం అంది. మంచావిడ.

మూడేళ్ళ తరవాత డబ్బు ఎక్కడి నుంచి తెస్తామో నాకు తెలియదు. తెస్తాం. నేను చెబితే కాదనేవాళ్ళెవరు?

ఎఫ్రాయిమ్‌కి ఇంకా ఉద్యోగం రాలేదు. ఇక్కడ ఇలా రాయడం ఇదే మొదటిసారి. రాసి చూస్తే, అంత భయంగా ఏమీ లేదు.

అవిటల్ పాఠం చదువుకుంటోంది. ఇవాళ ఎక్కడా తడబడలేదు.